కొండమీది బడిలో కంప్యూటరు ఎందుకు పడిపోయేది?

(మన సంఘ సభ్యుల అరకు యాత్ర సందర్భంగా జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను సవరణ గురించీ, కరువు భత్యం గురించీ మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు, నాకన్నా బాగా మాట్లాడతారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు కంప్యూటర్ల గురించి చెప్పమన్నారు. ఎలాగూ అరకు వచ్చాం కనుక ఈ లోయలోనే, ఒక గిరిజన వసతి పాఠశాలలో, 2006 వర్షాకాలంలో జరిగిన ఒక ఫాల్టు కథ చెబుతాను. బడి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. మిగతాదంతా చెబుతాను. మీరంతా జన్మంతా ఫాల్టులు వెతికినవారే గనుక ఎక్కడ నేను తొందరపడ్డా పట్టేస్తారని తెలుసు.

ఆ బడికి 2003లో పన్నెండు కంప్యూటర్లు వచ్చాయి. పన్నెండింటికీ కలిపి బయటి ప్రపంచానికి దారి ఒక్క టెలిఫోను లైను. డయల్ చేస్తే మోడెం కూసి కూసి కలిసేది. కలిస్తే సెకనుకు ఏడు వేల అక్షరాలు వస్తే మహాభాగ్యం. వంద కిలోబైట్ల పేజీ ఒకటి రావడానికి పదిహేను సెకన్లు పడుతుంది అనుకోండి. మాస్టారు "అందరూ ఈ పేజీ తెరవండి" అంటే పన్నెండు మందికీ పన్నెండుసార్లు అదే పేజీ కొండెక్కి రావాలి. మూడు నిమిషాలు. ఈలోగా లైను తెగితే మళ్ళీ మొదటికి.

దీనికి మందుగా ఒక పదమూడో కంప్యూటరు పెట్టారు. దాన్ని కాషింగ్ ప్రాక్సీ అంటారు. పేరు చూసి భయపడకండి. ప్రాక్సీ అంటే మన తరఫున వెళ్ళేవాడు. కాష్ అంటే దాచిపెట్టుకునే చోటు. వెనకటి రోజుల్లో కొండమీది ఊరికి ఉప్పు కావాలంటే ఇంటికొకరు శృంగవరపుకోట దిగి వెళ్ళేవారా? ఒకడు దిగి బస్తా తెచ్చి సంతలో పెడితే అందరూ అక్కడ కొలిపించుకునేవారు. ఇదీ అంతే. మొదటి పిల్లవాడు పేజీ అడగ్గానే ఈ మిషను బయటికి వెళ్ళి తెస్తుంది, ఒక ప్రతి తన దగ్గర దాచుకుంటుంది. తర్వాతి పదకొండు మందికీ దాచిన ప్రతే ఇస్తుంది. ఫోను లైను మీద ఒక్కసారే భారం.

ఆ పని చేసే ప్రోగ్రాం పేరు స్క్విడ్. స్క్విడ్ అంటే చాలా చేతులున్న ఒక సముద్రజీవి. హార్వెస్ట్ అనే అమెరికన్ విశ్వవిద్యాలయాల ప్రాజెక్టులో పుట్టిన పాత ప్రోగ్రాం నుంచి 1996లో డ్యూయేన్ వెసెల్స్ అనే ఆయన, మరికొందరూ కలిసి దీన్ని తయారుచేశారు. ఊరికే ఇచ్చేశారు. ఇది కూర్చున్నది లైనక్స్ మీద. లైనక్స్ యూనిక్స్ పద్ధతిలో రాసినది. ఇక యూనిక్స్ ఎక్కడ పుట్టిందో చెబితే మన సభ్యులకు సంతోషంగా ఉంటుంది. అది పుట్టింది 1969లో, బెల్ లేబొరేటరీస్‌లో. అంటే టెలిఫోను కంపెనీ వారి పరిశోధనశాలలో! కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు దానికి ఆద్యులు. అందుకేనేమో, దాని అలవాట్లు నాకు మన ఎక్స్చేంజి అలవాట్లలాగే కనిపిస్తాయి. జరిగిన ప్రతిదాన్నీ ఎక్కడో ఒకచోట రాసిపెడుతుంది. బిల్లింగు కంప్యూటర్ల మీద మనలో కొందరం యూనిక్స్ నేర్చుకున్నాం. నాకు వచ్చినదంతా అక్కడిదే.

2006 జులై నెలాఖరులో బడి హెడ్‌మాస్టరు గారు ఫోను చేశారు. నేను అరకు ఎక్స్చేంజిలో ఉన్న రోజుల నుంచీ పరిచయం. "ఇంజనీరు గారూ, పది రోజులుగా ఇంటర్నెట్ లేదు. మీరొకసారి రావాలి" అన్నారు. కిరండోల్ పాసింజరు ఎక్కి, సొరంగాలన్నీ దాటి, శిమిలిగుడలో వాన చూసి, మధ్యాహ్నానికి దిగాను.

దిగేసరికి అక్కడ కారణాలు నాలుగు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి వాన: తేమకు మిషను పాడైంది. రెండు కరెంటు: హెచ్చుతగ్గుల వల్ల. మూడు ఫోను లైను. ఇది మన మీద ఎప్పుడూ ఉండే నిందే, కొత్తది కాదు. పట్నం నుంచి ఒక మెకానిక్ వచ్చి ర్యామ్ మార్చాడు, పవర్ సప్లై మార్చాడు, దాచిన పేజీలన్నీ చెరిపేశాడు. పని జరగలేదు. హార్డ్ డిస్కు మార్చాలి, ఇంత అవుతుంది అని కాగితం రాసిచ్చి వెళ్ళాడు. బడికి అంత డబ్బు లేదు.

నాలుగో కారణం ఒక పిల్లవాడు.

పదో తరగతి. కొండమీద కోందుల ఊరు. ఇంట్లో మాట వేరు, సంతలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, కంప్యూటరు ముందు ఇంగ్లీషు. నాలుగు భాషల్లో నెగ్గుకొస్తున్న కుర్రాడు. ల్యాబు తాళంచెవి అతని దగ్గరే ఉండేది. రోజూ ప్రార్థనకు ముందే గది తుడిచి, మిషన్లు ఆన్ చేసి, తను కాసేపు కూర్చునేవాడు. అతను కూర్చోగానే ప్రాక్సీ పడిపోయేది. ఒకరోజు కాదు, ప్రతిరోజూ. అటెండరు చూశాడు, వార్డెను చూశాడు. అటెండరు నాతో అన్నమాట యథాతథంగా చెబుతాను: "ఆ గుంటడు కూకుంతే సాలు బాబూ, మిషను సచ్చిపోతంది."

సాక్ష్యం బలంగానే ఉంది మరి. ఏదో చూడకూడనిది చూస్తున్నాడనీ, ఏదో నొక్కుతున్నాడనీ అనుకున్నారు. తాళంచెవి తీసేసుకున్నారు. తండ్రిని వచ్చి పూచీకత్తు రాయమని కబురు పంపారు. ఆ ఏడు విశాఖలో వేసవి కంప్యూటరు శిక్షణకు బడి నుంచి ఒక్కరిని పంపాలి, అతని పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాశారు. ఫాల్టు కన్నా ఇదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది. మిషను ఇవాళ కాకపోతే రేపు బాగవుతుంది. కాగితం మీద పడిన పేరు అంత తేలిగ్గా పోదు.

నేను చేసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. మిషను ఆన్ చేయించి, మిగతా పన్నెండూ ఆఫ్‌లో ఉంచి, కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. గంట గడిచింది. బయట కుండపోత. కరెంటు రెండుసార్లు మిణుకుమంది. స్క్విడ్ నడుస్తూనే ఉంది. వానా, కరెంటూ కారణమైతే ఈ గంటలో పడిపోవాలి కదా. లైను టెస్టు చేశాను, బాగుంది.

తర్వాత హెడ్‌మాస్టరు గారిని బతిమాలి ఏడో నంబరు కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. "మీ ఇష్టం వచ్చిన పేజీ తెరవండి" అన్నాను. ఆయన ఒక పత్రిక పేజీ తెరిచారు. అక్షరాలు వచ్చాయి, బొమ్మలు రాలేదు. ప్రాక్సీ పడిపోయింది. మూడు సెకన్లకు దానంతట అదే లేచింది. ఆయన మళ్ళీ నొక్కారు, మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. ఇలా గబగబా ఐదుసార్లు జరిగాక ఇక లేవలేదు. మొత్తం మళ్ళీ మొదలుపెట్టి ఇంకోసారి చేయించాను. మళ్ళీ ఐదు పాట్లు, తర్వాత మౌనం.

వాన ఐదు లెక్కపెట్టి కురవదు కదండీ. ఎక్కడో ఎవరో లెక్కపెడుతున్నారు. నిజానికి స్క్విడ్ రెండు భాగాలుగా నడుస్తుంది. తల్లి ఒకటి, బిడ్డ ఒకటి. పనంతా బిడ్డది. బిడ్డ పడిపోతే తల్లి మూడు సెకన్లాగి కొత్త బిడ్డను నిలబెడుతుంది. కానీ పది సెకన్లయినా బతక్కుండా వరుసగా ఐదుగురు పోతే, ఇక లాభం లేదని తల్లి కూడా తప్పుకుంటుంది. అలా రాశారు ఆ ప్రోగ్రాంని. అందుకే పిల్లలు ఎంత ఆత్రంగా నొక్కితే అంత త్వరగా పూర్తిగా ఆగిపోయేది.

అయితే ఆ కుర్రాడి సంగతి ఇక్కడే తేలిపోయింది. ఎవరు మొదటి పేజీ తెరిస్తే వారి చేతుల్లో పడిపోతోంది. రోజూ మొదట తెరిచేది అతనే. ఇప్పుడు హెడ్‌మాస్టరు గారి చేతుల్లోనే పడింది. ఆయన ముఖం చూసి అటెండరు బయటికి వెళ్ళిపోయాడు.

కానీ ఎందుకు పడిపోతోందో చెప్పకపోతే సగం పనే. పక్కన నిలబడి ఇంకెవరో "అయినా ఆ కుర్రాడే ముందు ఏదో చేసుంటాడు" అంటారు. అందుకని రికార్డు తీశాను.

మన 198కి ఫిర్యాదు వస్తే ఫాల్టు డాకెట్ రాసినట్టే, లైనక్స్ మిషను తన సంగతులన్నీ మెసేజెస్ అనే ఫైలులో రాసుకుంటుంది. అందులో స్క్విడ్ తల్లి వాఙ్మూలం ఉంది. ఫలానా నంబరు బిడ్డ, సిగ్నల్ 25 వల్ల పోయింది. తేదీ, గంట, సెకను. పది రోజుల పాటు అదే వరుస, వందలసార్లు. అన్నిటిలోనూ 25.

ఈ సిగ్నల్ నంబరు మరణ ధృవీకరణ పత్రంలో కారణం గడి లాంటిది. సిగ్నల్ 11 అని ఉంటే ప్రోగ్రాం తనది కాని మెమరీలో కాలు పెట్టిందని అర్థం. ప్రోగ్రాం తప్పయినా కావచ్చు, ర్యామ్ చెడినా కావచ్చు. 6 అని ఉంటే ప్రోగ్రాం తనలోనే ఏదో పొంతన లేదని గమనించి తానే ఆగిపోయిందని. 9 అయితే బయటివారెవరో ఆపేశారని. మెమరీ చాలనప్పుడు ఆ పని సిస్టమే చేస్తుంది. 25 వీటిలో ఏదీ కాదు. దాని అర్థం ఒక్కటే: ఫైలు ఉండవలసిన దానికన్నా పెద్దదైపోయింది. పట్నం మెకానిక్ ఈ ఒక్క అంకె చూసుంటే ర్యామ్ జోలికి పోయేవాడు కాదు. ర్యామ్ చెడితే ఒకసారి 11, ఒకసారి ఇంకేదో, వేళాపాళా లేకుండా వస్తుంది. వందలసార్లు ఒకే అంకె రాదు.

ఏ ఫైలు? స్క్విడ్ ఒక రిజిస్టరు రాస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏ పేజీ అడిగారు, దాచిన దాంట్లోంచి ఇచ్చానా, బయటి నుంచి తెచ్చానా, అన్నీ పేజీకి, బొమ్మకి ఒక్కో వరుస చొప్పున. దాని పేరు యాక్సెస్ లాగ్. దాని సైజు చూస్తే తెర మీద ఈ అంకె వచ్చింది: 2147483647.

214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అక్షరాలు. ఈ అంకెను మీరు కాగితం మీద రాసుకోండి, మళ్ళీ పనికొస్తుంది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోయే కథ మీకు తెలుసు. సరిగ్గా సగం బల్ల అయ్యేసరికి, 32వ గడిలో పడే గింజల కన్నా ఒకటి తక్కువ ఈ అంకె. ఆనాటి కంప్యూటర్లు ఫైలులో తాము ఎక్కడ రాస్తున్నామో గుర్తుపెట్టుకోవడానికి 32 గళ్ళు వాడేవి. గడికి సున్నా గానీ ఒకటి గానీ, మన రిలే పడినట్టూ లేచినట్టూ. అందులో ఒక గడి ప్లస్సు మైనస్సు గుర్తుకు పోతుంది. మిగిలిన 31 గళ్ళలో రాయగలిగిన అతి పెద్ద అంకె ఇదే. పాత స్ట్రోజర్ ఎక్స్చేంజిలో నాలుగంకెల మీటరు 9999 దాటితే ఏమయ్యేది? 0000కి వచ్చేది. ఇక్కడ మళ్ళీ సున్నాకి తిప్పితే రాసిందాని మీదే రాయాలి, రిజిస్టరు పాడవుతుంది. అందుకని సిస్టం "ఇక రాయకు" అని సిగ్నల్ 25 కొడుతుంది. ఆ సిగ్నల్‌కి ఏం చేయాలో స్క్విడ్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే ప్రోగ్రాం ఆగిపోవడమే పద్ధతి.

రిజిస్టరు చివరి వరుస చూశాను. ఒక చిరునామా మధ్యలో తెగిపోయి ఉంది. రాస్తూ రాస్తూ కాగితం అయిపోయినట్టు. పేజీ ఇచ్చాక వరుస రాయబోతుంది, రాయలేక పడిపోతుంది. అక్షరాలు వచ్చి బొమ్మలు రాకపోవడం అందుకే. ఎవరూ పేజీ అడగనప్పుడు రాయవలసిందేమీ లేదు, గంటలకొద్దీ నిక్షేపంగా ఉంటుంది.

మెకానిక్‌ని తప్పుదోవ పట్టించింది డిస్కు. 40 గిగాబైట్ల డిస్కులో ముప్పావు పైగా ఖాళీ. డిస్కు నిండలేదు గనుక ఫైళ్ళ సంగతి అతనికి తట్టలేదు. గోదాము ఖాళీగానే ఉంది, పుస్తకం నిండింది. రెండూ వేరు.

ఇదే అంకె 2014 డిసెంబరులో పత్రికల్లో వచ్చింది. కొరియా గాయకుడి గాంగ్‌నం స్టైల్ పాటను చూసినవారి లెక్క దీన్ని దాటిందని, యూట్యూబ్ వారు మీటరు పెద్దది పెట్టారు. ఇంకోటి కూడా ఉంది. యూనిక్స్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడుతుంది. పాత పద్ధతి మిషన్లలో ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, ఇదే అంకెకు చేరుతుంది. కొత్త మిషన్లు 64 గళ్ళకు మారాయి. మారనివి ఎన్ని మూలల్లో ఉన్నాయో అప్పుడు బయటపడుతుంది. ముందు వరుసలో కూర్చున్న మనవలు చూసి చెప్పాలి.

సరే, రిజిస్టరు ఇంత ఎలా పెరిగింది? వరుసకు సగటున 120 అక్షరాలనుకుంటే దాదాపు కోటీ 79 లక్షల వరుసలు. నిజానికి ఇలా పెరగకుండా వ్యవస్థ ఉంది. పాత రిజిస్టరును పక్కన పెట్టి కొత్తది తెరిచే పనిని ఆ లైనక్స్‌లోనే అమర్చి ఇచ్చారు. తెల్లవారుజామున 4 గంటల 2 నిమిషాలకు ఆ పని జరగాలి. పెద్ద ఆఫీసుల్లో కంప్యూటర్లు రాత్రింబవళ్ళు నడుస్తాయి గనుక, ఎవరికీ అడ్డం లేని వేళ అని అలా పెట్టారు. కొండమీది బడిలో రాత్రి తొమ్మిదికి మెయిన్ ఆపేస్తారు. మూడేళ్ళలో ఒక్క తెల్లవారుజామున కూడా ఆ మిషను మేలుకుని లేదు. తప్పిపోయిన పనిని పొద్దున్న లేచాక చేయించే మరో చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని అమర్చినవారు వేయలేదు. అమెరికాలో కూర్చుని ఈ వేళను నిర్ణయించినవారికి మన మెయిన్ స్విచ్చి సంగతి తెలియదు, వారిని అనడానికి లేదు. ఇక్కడ అమర్చినవారికి తెలిసి ఉండాలి.

రెండో కారణం కూడా దొరికింది. ఏ కంప్యూటరు ఎన్ని వరుసలు రాయించిందో లెక్క తీయించాను. మూడింట రెండు వంతులు ఒకే కంప్యూటరువి. అది పిల్లల గదిలోది కాదు, ఆఫీసు గదిలోది. ఎవరో ఏదో ఉచితంగా వస్తుందని తెరపైన ఒక పట్టీలాంటిది దించుకున్నారు. అది తన యజమాని చిరునామాకు సెకనుకు రెండు మూడుసార్లు కబురు పంపాలని చూస్తోంది. ఆ చిరునామా నిషిద్ధాల జాబితాలో ఉంది గనుక ప్రాక్సీ ప్రతిసారీ "వీల్లేదు" అంటోంది, అన్న ప్రతిసారీ రిజిస్టరులో రాసుకుంటోంది. అంతకు ముందు ఏడాది దసరా సెలవుల తర్వాత నుంచీ, ఆఫీసు తెరిచి ఉన్నంతసేపూ, ఇదే తంతు.

ఇక్కడ ఒక మాట. ఈ లెక్క తీస్తుండగా హెడ్‌మాస్టరు గారు, "ఆ కుర్రాడు పొద్దున్నే ఏం చూస్తున్నాడో కూడా ఇందులో ఉంటుందిగా, తీయండి" అన్నారు. ఉంటుంది. నిమిషం పని. నేను తీయలేదు. ట్రంకు బోర్డు మీద పనిచేసిన సోదరీమణులు ఇక్కడున్నారు. ఎన్ని ఇళ్ళ సంగతులు వారి చెవిన పడి ఉంటాయి! ఒక్కటైనా బయటికి వచ్చిందా? 1885 నాటి టెలిగ్రాఫు చట్టం లోనే దానికి శిక్ష రాసి ఉంది. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది, అది వేరే సంగతి. శిక్ష భయంతోనా మనం నోరు మూసుకున్నది? ఫాల్టు వెతకడానికి ఏ కంప్యూటరు ఎన్నిసార్లు అన్నది చాలు, ఎవరు ఏం చదివారన్నది అక్కర్లేదు అని చెప్పాను. ఆయనకు కొంచెం కోపం వచ్చింది. పెద్దమనిషి, ఊరుకున్నారు. తర్వాత కుర్రాడు తనంతట తానే చెప్పాడు. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో చేరడానికి ఏం కావాలో, ఎస్టీ పిల్లలకు ఎన్ని సీట్లుంటాయో వెతుకుతున్నాడట. పొద్దున్న లైను ఖాళీగా ఉంటుందని.

ఈలోగా తండ్రి రానే వచ్చాడు. ఊడ్పుల రోజులు. మడి వదిలేసి, తాటాకు గొడుగు వేసుకుని, పదిహేను కిలోమీటర్లు నడిచి వచ్చి వరండాలో ఒక చివర కూర్చున్నాడు. కొడుకు ఏదో ఖరీదైన వస్తువు చంపేశాడని విన్నాడు. ఎంత కట్టాలో కనుక్కోవడానికి వచ్చాడు. ఏమీ కట్టక్కర్లేదని, కొడుకు చేసిందేమీ లేదని హెడ్‌మాస్టరు గారే స్వయంగా చెప్పారు. అది ఆయన గొప్పదనం. "మరి మిషను ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగాడు తండ్రి. నేను చెబుతుంటే కుర్రాడు వాళ్ళ మాటలో చెప్పాడు: ప్రతి బేరమూ రాసే పుస్తకం ఉంది, అది నిండిపోయింది, రాయడానికి చోటు లేక మిషను ఆగిపోయింది.

ఆయన కాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేశాడు. "డిపోలో పుస్తకం నిండిపోతే కొత్త పుస్తకం తెస్తారు. అప్పటిదాకా బియ్యం ఇవ్వడం మానేస్తారా?"

గిరిజన సహకార సంస్థ డిపోలో బియ్యం తెచ్చుకునే మనిషి. నేను ఎక్కడా చదవని ప్రశ్న అది. మన పాత ఎక్స్చేంజిలో మీటరు ఇరుక్కుపోయినా కాల్ పోయేది. శాఖకు నాలుగు డబ్బులు నష్టం, మనిషికి మాట దక్కేది. ఈ ప్రోగ్రాంలో రాసుకోవడం ఆగితే ఇవ్వడమూ ఆగుతుంది. రాయకుండా ఇస్తే ఎవరో దొంగదారిన వాడుకుంటారని ఒక వాదన ఉంది, బ్యాంకుల్లో అది న్యాయమే. బడిలో పిల్లలు చదివే పేజీకి అంత కట్టుదిట్టం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సర్వరు అందక వేలిముద్ర పడలేదని రేషను దుకాణం నుంచి ఉత్త సంచితో తిరిగొచ్చే ముసలివాళ్ళను చూసినప్పుడల్లా ఆ తండ్రి అడిగిందే గుర్తొస్తుంది. మన జీవన ప్రమాణం కోసం వేలిముద్ర మూడుసార్లు కాదన్న మిషను ముందు నిలబడ్డవారు ఇక్కడ చేతులెత్తితే ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

బాగుచేయడానికి పట్టింది పది నిమిషాలు. పాత రిజిస్టరు పేరు మార్చి పక్కన పెట్టాను. స్క్విడ్‌ని మళ్ళీ మొదలుపెడితే కొత్త రిజిస్టరు అదే తెరుచుకుంది. పన్నెండు కంప్యూటర్ల ముందూ పిల్లలను కూర్చోబెట్టి ఒకేసారి నొక్కమన్నాను. అక్షరాలతో పాటు బొమ్మలు కూడా వచ్చాయి. రిజిస్టరు మార్చే పనిని తెల్లవారుజాము నుంచి తీసి, సోమవారం ఉదయం పదకొండుకు, మిషను తప్పక నడిచే వేళకు పెట్టాను. ఆఫీసు కంప్యూటరులోని పట్టీని పీకేశాం. స్క్విడ్ తర్వాతి వెర్షన్లలో పెద్ద ఫైళ్ళు రాసే వీలు వచ్చింది, అయినా వారానికొకసారి మార్చడమే మంచిది. ఇప్పుడైతే పేజీలన్నీ సీలు వేసిన కవర్లలో వస్తున్నాయి గనుక మధ్యలో ఇలా విప్పి దాచుకునే ప్రాక్సీలకు బడుల్లో పెద్దగా పని లేదు. దాచే పని పెద్ద కంపెనీలే తమ సొంత గిడ్డంగుల్లో చేసుకుంటున్నాయి.

తాళంచెవి కుర్రాడికి తిరిగిచ్చారు. శిక్షణ జాబితాలో పేరు మళ్ళీ రాశారు, కొట్టివేత మీద హెడ్‌మాస్టరు గారు పొడి సంతకం చేసి తేదీ వేశారు. రిజిస్టరు సైజు చూడటం, మార్చడం, మెసేజెస్ ఫైలు చదవడం అతనికి ఆ సాయంత్రమే నేర్పాను. ఒక్కసారి చూసి పట్టుకున్నాడు.

అక్టోబరులో అతని దగ్గర నుంచి ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. వారం వారం రిజిస్టరు సైజులు వరుసగా రాశాడు: ఆరు మెగాబైట్లు, ఏడు, ఆరు, దసరా సెలవుల్లో సున్నా. కింద ఒక ప్రశ్న. పక్క బడిలో ఇలాంటి మిషనే పడిపోతోందట, వెళ్ళి చూస్తే 25 కాదట, ఎక్కువగా 11 వస్తోందట, ఒక్కోసారి వేరే అంకెలు, వేళాపాళా లేదట. ర్యామ్ మార్చి చూడమని రాశాను.